పర్వత గొర్రెల్ని చంపుతున్నది పురుగేనా?

ఎండిన గొర్రె పెంటికలు కొన్ని తీసుకుని, పలచని గుడ్డలో మూటకట్టి, నీళ్లు నింపిన గరాటులో రాత్రంతా వేలాడదీస్తారు. గరాటు కాడకు రబ్బరు గొట్టం ఉంటుంది, దాన్ని బిగించి ఉంచే క్లిప్పు ఉంటుంది. తెల్లారాక క్లిప్పు వదులు చేసి, ముందుగా కారిన కొద్ది చుక్కల్ని మైక్రోస్కోప్ కింద పెడతారు. మిల్లీమీటరులో మూడో వంతు పొడవున్న సన్నని పోగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. తడి తగలగానే అవి పెంటికలోంచి బయటికి వస్తాయి. కానీ ఈదలేవు కాబట్టి నీటి అడుక్కి జారిపోతాయి. బేర్మన్ పద్ధతి అంటే ఇంతే. నూరేళ్లకు పైగా ఇందులో పెద్దగా మార్పేమీ లేదు. గ్రాము పెంటికకు ఎన్ని లార్వాలు (పిల్ల పురుగులు) ఉన్నాయో లెక్క రాసుకుంటారు.

ఉత్తర అమెరికాలోని రాకీ పర్వతాల్లో బిగ్‌హార్న్ అనే అడవి గొర్రెలు ఉంటాయి. పొట్టేళ్లకు చెంపల పక్కనుంచి చుట్ట తిరిగిన బరువైన కొమ్ములుంటాయి. ఆ మందల పెంటికల్ని ఇలా పరీక్షిస్తే, చాలా చోట్ల దాదాపు ప్రతి గొర్రెలోనూ ఊపిరితిత్తుల పురుగు లార్వాలు బయటపడతాయి. చిక్కంతా అక్కడే ఉంది. చచ్చిపడి ఉన్న గొర్రెను కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో పురుగు ఉంటుంది. పక్కనే నిక్షేపంగా మేస్తున్న గొర్రెలోనూ అదే పురుగు ఉంటుంది. మరి చంపింది పురుగేనని ఎలా చెప్పడం? ఈ ప్రశ్నకు తొందరపడి ఇచ్చిన జవాబు ఒక తరం శ్రమను దారి తప్పించింది. ఆ కథ వివరంగా తెలుసుకోదగ్గది.

ముందు ఆ పురుగు బతుకు చూడాలి. బిగ్‌హార్న్‌లో ముఖ్యంగా రెండు రకాలుంటాయి. ప్రోటోస్ట్రాంజిలస్ స్టైలెసి ఊపిరితిత్తుల కండలోనే కాపురం పెడుతుంది. ప్రోటోస్ట్రాంజిలస్ రషి గాలి గొట్టాల్లో ఉంటుంది. ఊపిరితిత్తుల్లో పొదిగిన లార్వాలు దగ్గుతోనో కఫంతోనో గొంతులోకి వస్తాయి. గొర్రె వాటిని మింగేస్తుంది. అవి పేగుల గుండా ప్రయాణించి పెంటికలతో పాటు నేల మీద పడతాయి. మంచుకు గడ్డకట్టినా, ఎండకు ఎండినా నెలల తరబడి చావవు. తడి తగిలినప్పుడు ఆ పెంటిక మీదుగా నత్త ఏదైనా పాకితే, దాని మెత్తని పాదంలోకి దూరిపోతాయి. నత్త అంటే అరచేతిలో పట్టేంత నత్త అనుకోకూడదు. రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఉండి, గడ్డి మొదళ్లలో కంటికి ఆనకుండా తిరిగే రకాలివి. నత్త ఒంట్లో లార్వా రెండుసార్లు కుబుసం విడిచి, గొర్రెకు సోకగలిగే దశకు చేరుతుంది. గొర్రె గడ్డి కొరికినప్పుడు ఆ నత్త కూడా నోట్లోకి పోతుంది. పొట్టలోంచి లార్వా మళ్లీ ఊపిరితిత్తులకు చేరుకుంటుంది.

ఇంతవరకు సాధారణ పరాన్నజీవి కథే. కానీ స్టైలెసి రకం దగ్గర ఇంకో దారి ఉంది. చూలుతో ఉన్న గొర్రెలో కొన్ని లార్వాలు మావి దాటి కడుపులోని పిల్లకు చేరతాయి. ఈ సంగతి 1960, 70 దశకాల్లో మోంటానా, కొలరాడో పరిశోధనల్లో బయటపడింది. అంటే పిల్ల నేల మీద పడేసరికే పురుగును వెంట తెచ్చుకుంటుంది. ఇంకా గడ్డి కొరకలేదు, నత్తను మింగలేదు, ఒక్క అడుగు వేయలేదు. అయినా లార్వాలు దాని కాలేయంలో ఉంటాయి. పుట్టాక అవి ఊపిరితిత్తులకు చేరి పెరుగుతాయి. వేసవి నడిమికి, పిల్లకు రెండు నెలలు నిండే వేళకు దగ్గు మొదలవుతుంది. చెవులు వేలాడేస్తుంది, తల్లి వెనకాల నడవలేక ఆగిపోతుంది. తర్వాత న్యుమోనియా. ఒక్కో ఏడాది మందలో పుట్టిన పిల్లల్లో చాలా మటుకు శీతాకాలం చూడకుండానే పోయేవి.

ఇది తెలిశాక ఏమనిపిస్తుంది? పురుగును చంపితే పిల్ల బతుకుతుందని. 1970ల చివర్లో కొలరాడోలో అదే చేశారు. అడవి గొర్రెను పట్టి నోట్లో నట్టల మందు పోయడం కుదిరే పని కాదు. అందుకని పులిసిన ఆపిల్ పిప్పిని ఎరగా పెట్టారు. గొర్రెలకు ఆ వాసన ఇష్టం. పిప్పికి అలవాటు పడ్డాక, అందులో ఫెన్‌బెండజోల్ అనే మందు కలిపి, ఈనడానికి ముందు చూలు గొర్రెలు తినేలా చూశారు. పెంటికల్లో లార్వాలు తగ్గాయి. పిల్లలు కూడా ఎక్కువ బతికినట్టు కనిపించింది. దాంతో ఇరవై ఏళ్ల పాటు అది ఆనవాయితీగా సాగింది. ఆ పని చేసినవాళ్ల చిత్తశుద్ధిని ఎవరూ శంకించలేరు. చలికాలంలో కొండలెక్కి పిప్పి మోసిన మనుషులు వాళ్లు.

2000 సంవత్సరంలో ఆ పద్ధతిని తిరిగి బేరీజు వేశారు. మందు తిన్న మందలతో పాటు తినని మందల్నీ చూసి, రెండింటినీ పోల్చారు. మందు పురుగును తగ్గించింది, నిజమే. కానీ పిల్లల బతుకులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏళ్ల తరబడి నమ్మిన లెక్క అక్కడ తప్పింది.

తప్పడానికి కారణం అప్పటికే వేరే చోట దొరుకుతూ వచ్చింది. 1989లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఆరు బిగ్‌హార్న్‌లను ఆరు పెంపుడు గొర్రెలతో కలిపి ఒకే దొడ్డిలో ఉంచారు. పెంపుడు గొర్రెలు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉన్నాయి, చివరిదాకా అలాగే ఉన్నాయి. బిగ్‌హార్న్‌లు మాత్రం రెండున్నర నెలలు తిరక్కముందే ఆరుకు ఆరూ న్యుమోనియాతో చనిపోయాయి. అప్పట్లో దోషం పాశ్చురెల్లా జాతి బాక్టీరియా మీద వేశారు. 2008లో మైకోప్లాస్మా ఒవిన్యుమోనియే అనే ఇంకో సూక్ష్మజీవికీ బిగ్‌హార్న్ మందల్లోని న్యుమోనియాకూ ఉన్న సంబంధం తేలింది. ఇది గాలి గొట్టాల లోపలి గోడ మీదున్న సన్నని నూగును, అంటే కఫాన్నీ దుమ్మునూ పైకి నెట్టే నూగును, దెబ్బతీస్తుంది. ఆ చీపురు పనిచేయకపోతే మిగతా బాక్టీరియా అన్నీ లోపలికి దిగిపోతాయి. రోగం తట్టుకుని బతికిన తల్లుల్లో కొన్ని ఈ సూక్ష్మజీవిని ముక్కులో మోస్తూనే ఉంటాయి. ఏడాది తర్వాత ఏడాది పుట్టిన పిల్లలకు అంటిస్తాయి. వేసవి నడిమి చావులకు ఇది సరిపోయే వివరణ. పైగా ఇంతకాలం పురుగు పద్దులో వేసిన మరణాల్లో చాలా వాటిని ఇది తన పద్దులోకి తెచ్చుకుంటుంది.

కంటికి కనిపించేదాన్నే దోషిగా పట్టుకోవడం పశువైద్యంలో ఎప్పుడూ ఉన్న ప్రమాదమే. పురుగు కోతలో కనిపిస్తుంది, గరాటులో కనిపిస్తుంది, లెక్కపెట్టుకోవచ్చు. కణం చుట్టూ గోడ లేని ఆ బుల్లి బాక్టీరియా, మైకోప్లాస్మా, అలా దొరకదు. దాన్ని ల్యాబులో పెంచడమే కష్టం. డీఎన్ఏ పరీక్షలు వచ్చాకే అది తేటగా కనబడింది.

అయితే ఊపిరితిత్తుల పురుగును నిర్దోషిగా వదిలేయవచ్చా? అలా అనడమూ తొందరపాటే. కెనడాలోని అల్బర్టాలో గుర్తులు వేసిన బిగ్‌హార్న్ గొర్రెల్ని ఏళ్ల తరబడి గమనించినప్పుడు, పాలిచ్చే తల్లుల పెంటికల్లో లార్వాలు పాలివ్వని గొర్రెల కంటే ఎక్కువగా ఉన్నాయి. పిల్లను సాకడానికి ఒంట్లోని శక్తి ఖర్చయిపోతే, పురుగును అదుపులో పెట్టే రోగనిరోధక శక్తికి మిగిలేది తక్కువ. స్కాట్లాండ్ పశ్చిమాన, సముద్రం నడుమ ఉన్న సెయింట్ కిల్డా దీవుల సోయ్ గొర్రెలు ఈ సంగతిని ఇంకా స్పష్టంగా చూపించాయి. అవి పర్వత గొర్రెలు కావు, ఒకప్పటి పెంపుడు గొర్రెలే మనుషుల అజమాయిషీ లేకుండా అడవిపాలై పెరుగుతున్నవి. అక్కడ మంద పెరిగి గడ్డి చాలని శీతాకాలాల్లో గొర్రెలు గుంపులుగా చనిపోతాయి. ముందే పొట్టలోని నట్టలకు మందు ఇచ్చిన గొర్రెలు ఆ కాలంలో మిగతావాటి కంటే మెరుగ్గా బతికాయి. కడుపు నిండిన ఏడాది పురుగు ఉన్నా గొర్రె మోసుకుపోతుంది. కడుపు మాడిన ఏడాది అదే పురుగు ఆఖరి దెబ్బ కొడుతుంది.

అందుకే లార్వాల లెక్క ఒక్కటే చూసి మంద ఆరోగ్యం చెప్పడం కష్టం. ఆ లెక్క ఋతువును బట్టి మారుతుంది. చలికాలం చివర, వసంతంలో ఎక్కువ, వేసవి చివర తక్కువ. పెంటికల్లో లార్వాలు ఎన్ని ఉన్నాయన్నది ఊపిరితిత్తుల్లో పురుగులు ఎన్ని ఉన్నాయో సూటిగా చెప్పదు. ఒక చలికాలపు మూటనూ ఒక వేసవి మూటనూ పక్కపక్కన పెట్టి పోల్చితే లేని రోగం కనిపిస్తుంది, ఉన్న రోగం దాక్కుంటుంది. లెక్కతో పాటు గొర్రె ఒళ్లు చూడాలి, మేత చూడాలి, ఆ మంద ఎంత చోటులో తిరుగుతోందో చూడాలి.

ఈ చివరిది ముఖ్యం. ఒకప్పుడు బిగ్‌హార్న్ మందలు ఋతువుల వెంట కొండ కింద నుంచి పైకీ, పై నుంచి కిందకీ తిరిగేవి. దారులు మూసుకుపోయి, పాత వలస తెలిసిన ముసలి గొర్రెలు చనిపోయాక, చాలా మందలు ఒకే కొండ కొమ్మున ఏడాది పొడవునా ఉండిపోయాయి. రాత్రి పడుకునే చోటు అదే, ఉప్పు నాకే చోటు అదే. పెంటికలూ నత్తలూ గొర్రెల మూతులూ ఒకేచోట కలిస్తే పురుగుకు అంతకంటే ఏం కావాలి? కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ఉత్తరాన స్టోన్ అనే అడవి గొర్రెల మేతభూముల్లో ముదిరిన పొదల్ని కావాలనే తగలబెట్టి చూసినప్పుడు, తగలబెట్టిన చోట మేసిన గొర్రెల్లో లార్వాలు తక్కువగా కనిపించాయి. కొత్త గడ్డి వచ్చింది, మంద చెదిరి మేసింది. మందు సీసా కన్నా ఇది నమ్మదగ్గ మార్గం అనిపిస్తుంది.

పురుగుల్లో పాత కాపులు కొన్ని, వలస దోపిడీదారులు కొన్ని. ఊపిరితిత్తుల పురుగు పాత కాపు. గొర్రెతో పాటు వేల ఏళ్లుగా బతుకుతూ, గొర్రె చస్తే తనకూ నష్టమే అన్నట్టు ఉంటుంది. గజ్జి పురుగు అలా కాదు. పరాన్నజీవి ఒక్కటే పెద్ద కారణమై ఒక మంద మొత్తాన్నీ తుడిచిపెట్టడం ఎలా ఉంటుందో చూడాలంటే న్యూ మెక్సికోలోని సాన్ ఆండ్రెస్ పర్వతాలకు వెళ్లాలి.

ఎడారి బిగ్‌హార్న్‌ల కోసమే 1941లో అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. 1970లలో మంద 200 దాకా పెరిగింది. 1978లో ఆ గొర్రెల చెవుల్లో చిడుము కనిపించింది. సోరోప్టెస్ అనే ఈ గజ్జి పురుగు చర్మంలోకి తొలుచుకుని పోదు, పైనే ఉంటుంది. పైపొరను గీరి, ఊరే రసిని తాగుతుంది. ఆ రసి ఎండి పొరలు పొరలుగా పక్కు కడుతుంది. ఎక్కువగా చెవి లోపలే. గొర్రె తల విదిలిస్తుంది, చెవిని బండకేసి రుద్దుకుంటుంది. పక్కు మీద పక్కు పేరుకుని చెవి రంధ్రం పూడుకుపోతుంది. ముదిరితే జబ్బు చెవి దాటి మెడకూ ఒంటికీ పాకుతుంది, ఊలు రాలిపోతుంది. ఎడారి కొండ మీద బతికే గొర్రెకు చెవి అంటే ప్రాణం. కొండసింహం (ప్యూమా) అడుగు కింద రాయి కదిలిన చప్పుడు వినపడకపోతే ఇక అంతే. గజ్జి చంపినా, గజ్జి వల్ల చెవుడొచ్చిన గొర్రెను కొండసింహం చంపినా, మందలో తగ్గేది ఒక్కటే లెక్క.

వాటిని పట్టి మందు నీళ్లలో ముంచి గజ్జి వదిలించాలని చూశారు. అడవి గొర్రెను పట్టడమే దాన్ని సగం చంపినంత పని. భయానికీ పెనుగులాటకూ కొన్ని పోతాయి. మంద కోలుకోలేదు. 1990ల నాటికి కొన్ని పదులు మిగిలాయి. 1997కి ఒకే ఒక్క ఆడ గొర్రె మిగిలింది. 200 గొర్రెల మంద ఇరవై ఏళ్లలో ఒకటికి వచ్చింది.

ఇలాంటి దెబ్బ ఒక్క బిగ్‌హార్న్‌లకే కాదు. స్పెయిన్‌లోని కజోర్లా కొండల్లో 1987లో మొదలైన గజ్జి అక్కడి అడవి మేకల్లో నూటికి తొంభై అయిదుకు పైగా పొట్టన పెట్టుకుంది. అక్కడిది సార్కోప్టెస్, చర్మాన్ని తొలుచుకుపోయే రకం. పాకిస్తాన్ ఉత్తర పర్వతాల్లో నీలి గొర్రెలు కూడా ఈ సార్కోప్టెస్‌తోనే చనిపోయినట్టు 2007లో నమోదైంది. ఈ పురుగులకు నత్త అక్కర్లేదు, ఋతువు అక్కర్లేదు. ఒక ఒంటికి ఇంకో ఒళ్లు తగిలితే చాలు. గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టే దశకు సోరోప్టెస్‌కు రెండు వారాలు కూడా పట్టదు.

ముక్కు ఈగ సంగతి వేరు. ఎగురుతూనే గొర్రె ముక్కు రంధ్రాల దగ్గర బతికున్న లార్వాల్ని చిమ్మి పోతుంది. ఆ ఈగల కాలంలో గొర్రెలు మూతి నేలకు ఆనించి, ఒకదాని ఒళ్లో ఒకటి తల దూర్చి నిలబడతాయి. పెంపుడు గొర్రెలో లార్వాలు ముక్కులోనూ దాని పక్క గాలి గదుల్లోనూ పెరిగి, తుమ్ముతో బయటపడి మట్టిలో ప్యూపాలవుతాయి. బిగ్‌హార్న్‌లో అలా సాగదు. ఆ పెద్ద కొమ్ముల్లోపల, పుర్రె పైభాగంలో ఎముకల మధ్య గాలి గదులు చాలా ఉన్నాయి, దారులు సన్నం. చిన్నగా ఉన్నప్పుడు లోపలికి పోయిన లార్వా ఎదిగాక అదే దారిన రాలేదు. అక్కడే చచ్చి కుళ్లుతుంది. చీము పడుతుంది, చుట్టూ ఎముక కరుగుతుంది. ఎడారి మందల్లో చచ్చిన గొర్రెల పుర్రెల్ని పరిశీలిస్తే కొమ్ము మొదట్లో ఎముకకు తూట్లు కనిపిస్తాయి. తలతో తల ఢీకొని జీవితం గెలుచుకోవాల్సిన జంతువుకు ఆ జబ్బు ఎంత నరకమో ఊహించవచ్చు.

పొట్టలో ఉండే నట్టల గురించి తక్కువగా మాట్లాడతారు, ఎందుకంటే అవి గొర్రెను ఉన్నట్టుండి చంపవు. కెనడా వాయవ్యాన మెకెంజీ పర్వతాల్లోని డాల్ అనే అడవి గొర్రెల్లో మార్షలాగియా అనే పురుగు ఉంటుంది, నాలుగు గదుల పొట్టలో చివరి గదిలో. చాలా నట్టలు వేసవిలోనే సోకుతాయి, ఇది మాత్రం మంచు కాలంలో కూడా సోకగలదు. మేత అతి తక్కువగా దొరికే రోజుల్లోనే ఇదీ లోపలికి చేరుతుంది. ఈ పురుగులు ఎక్కువున్న డాల్ గొర్రెలు బక్కగా ఉన్నాయనీ, చూలు నిలిచే అవకాశం వాటిలో తక్కువనీ తేలింది. కళేబరం దొరకదు, గగ్గోలు ఉండదు. పుట్టాల్సిన పిల్ల పుట్టదు, అంతే. మంద తగ్గడానికి ఇంత నిశ్శబ్దమైన దారి ఇంకోటి లేదు.

ఆ పర్వతాల్లోనే 2001లో ఇంకో సంగతి నమోదైంది. పారెలాఫోస్ట్రాంజిలస్ ఒడొకోయ్‌లియై అనే కండర పురుగు డాల్ గొర్రెల్లో దొరికింది. దీన్ని మొదట గుర్తించింది కాలిఫోర్నియాలో, మ్యూల్ జింకల్లో. అది ఒంటి కండల్లో ఉండి గుడ్లు పెడుతుంది. గుడ్లు రక్తంలో ఊపిరితిత్తులకు కొట్టుకొచ్చి, అక్కడ పొదిగి వాపు తెస్తాయి. దీని లార్వా తోక దగ్గర చిన్న ముల్లు ఉంటుంది, ప్రోటోస్ట్రాంజిలస్ లార్వాకు ఉండదు. గరాటు పరీక్షలో ఆ ముల్లును గమనించకపోతే రెండూ ఒకే లెక్కలో కలిసిపోతాయి.

ఊపిరితిత్తుల పురుగులకూ ఈ కండర పురుగుకూ నత్తలోనో, చిప్పలేని నత్తలోనో (స్లగ్) గడపాల్సిన కాలం ఉంది. అంటే చుట్టూ ఉన్న వేడే వాటి గడియారం. చల్లని ఉత్తరాన ఒక వేసవిలో పూర్తికాని పెరుగుదల రెండో వేసవికి వాయిదా పడేది. కస్తూరి ఎద్దుల ఊపిరితిత్తుల్లో ఉండే ఇలాంటి పురుగు మీద చేసిన పనిలో, ఆర్కిటిక్ వేడెక్కడంతో రెండేళ్ల చక్రం ఒక్క ఏడాదికి కుదించుకుపోయిందని 2005లో తేల్చారు. డాల్ గొర్రెల పురుగుల గడియారం కూడా వేడితోనే నడుస్తుంది. పాత కాపు ఉన్నట్టుండి రెట్టింపు వేగంతో కాపురం పెంచితే, వేల ఏళ్ల సర్దుబాటు ఎంతవరకు నిలుస్తుందన్నది ఈ రంగంలో పనిచేసేవాళ్లను నిజంగా టెన్షన్ పెడుతున్న విషయం.

మందు సంగతి మళ్లీ వస్తుంది. ఎరలో కలిపి పెట్టిన మందును ఏ గొర్రె ఎంత తిందో తెలియదు. బలమైనవి ముందు తింటాయి, మందు నిజంగా కావాల్సిన బక్కవి వెనకబడతాయి. ఎర దగ్గర మంద గుమిగూడితే పురుగుకూ బాక్టీరియాకూ మేలే. చాలీచాలని మోతాదు ఏళ్ల తరబడి పడితే మందుకు లొంగని పురుగులు తయారవుతాయి. పెంపుడు మందల్లో అది ఇప్పటికే జరిగింది. కాబట్టి పాత పురుగుల విషయంలో మేతభూమినీ వలస దారుల్నీ కాపాడడం, పెంపుడు గొర్రెలూ మేకలూ అడవి గొర్రెల మూతికి మూతి తగిలేంత దగ్గరకు రాకుండా చూడడం, ఒక కొండ నుంచి ఇంకో కొండకు గొర్రెల్ని తరలించేటప్పుడు ముందే చెవులూ ముక్కులూ పెంటికలూ పరీక్షించడం ముందుగా జరగాలి. తరలింపు దగ్గర చూపే జాగ్రత్త ఎంత ఓపిక కోరుతుందో సాన్ ఆండ్రెస్‌లోనే తెలిసింది.

ఒక్క గొర్రె మిగిలిన ఆ కొండ మీద వెంటనే కొత్త మందను వదల్లేదు. గజ్జి పురుగు ఇంకా అక్కడే ఎక్కడైనా దాక్కుని ఉందేమో ఎవరికీ తెలియదు. 1999లో ముందుగా కొన్ని పొట్టేళ్లను మాత్రం మెడకు రేడియో పట్టీలు కట్టి వదిలారు. అవి కొండంతా తిరిగాయి, పాత మంద పడుకున్న చోట్ల తిరిగాయి. మధ్యమధ్య వాటిని పట్టి చెవుల్లోకి చూశారు. పక్కు లేదు, పురుగు లేదు. ఆ చెవులు శుభ్రంగా ఉన్నాయని నమ్మకం కుదిరాకే, 2002లో 50 దాకా గొర్రెల్ని తెచ్చి ఆ కొండ మీద వదిలారు.